నొప్పి చేతులు, చవక జాయ్‌స్టిక్, అంతరిక్షం: నా ప్రాజెక్టు డైరీ

గోల ఎక్కడ మొదలైందంటే

ఎలైట్ డేంజరస్ అనే అంతరిక్షనౌక ఆట ఆడేవాళ్ళకి తెలుసు, అందులో యుద్ధం తక్కువ, ఓడ నడపడం ఎక్కువ. సరుకు ఎక్కించుకుని ఇంకో నక్షత్రం దాకా పోవడం, గ్రహశకలాల మధ్య లేజర్ నొక్కిపట్టి కూర్చోవడం, గిరగిరా తిరిగే స్టేషన్ నోట్లోంచి లోపలికి దూరడం, గంటలు గంటలు ఇదే పని. 2014 చివర్లో వచ్చిన ఆట, ఇప్పటికీ వదలబుద్ధి కాదు. ఇన్నాళ్ళూ గేమ్‌ప్యాడ్‌తో లాక్కొచ్చాను, కానీ గేమ్‌ప్యాడ్‌లో భారమంతా రెండు బొటనవేళ్ళదే. నాకు కుడి మణికట్టు అంచున, బొటనవేలి మొదట్లో డి కెర్వాన్ అనే నొప్పి ఉంది, దానికి తోడు పొద్దున లేచేసరికి వేళ్ళ కణుపులు పట్టేసి ఉంటాయి. కాసేపు ఆడితే చెయ్యి పీకడం మొదలు, ఆ తర్వాత సీసా మూత తిప్పబోయినా జివ్వుమంటుంది.

అందుకని జాయ్‌స్టిక్. షరతులు మూడు: చవకగా రావాలి, కుడిచెయ్యి మొరాయించిన రోజు ఎడమచేతికి మారే వీలుండాలి, నాకు వచ్చిన కొద్దిపాటి టంకం పనితో, వడ్రంగంతో మార్చుకునేలా ఉండాలి. బటన్లు ఎన్నున్నాయన్నది ఈ జాబితాలో లేదు.

ఈ డి కెర్వాన్ సంగతి కొంచెం చెప్పాలి. బొటనవేలిని పక్కకీ పైకీ లాగే రెండు టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకి కట్టే తాళ్ళు, మణికట్టు దగ్గర ఒక ఇరుకు గొట్టంలోంచి జారుతుంటాయి. ఆ గొట్టం గోడ మందమెక్కితే అవి సాఫీగా జారవు, ఒరుసుకుంటాయి. స్విట్జర్లాండ్ సర్జన్ ఫ్రిట్జ్ డి కెర్వాన్ 1895లో దీని గురించి రాశాడు కాబట్టి ఆయన పేరు. బొటనవేలిని పిడికిట్లో దాచి, మణికట్టుని చిటికెనవేలి వైపు వంచితే ప్రాణం పోతుంది. ఈ ఒక్క కదలిక గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ పనికొస్తుంది.

మీ నొప్పి వేరే రకం కావచ్చు. బొటనవేలు, చూపుడు, మధ్యవేళ్ళు తిమ్మిరెక్కుతుంటే అది కార్పల్ టన్నెల్, అంటే మణికట్టులో నరం నొక్కుకునే దారి. చిటికెనవేలు, ఉంగరపువేలు తిమ్మిరెక్కుతుంటే అల్నార్ నరం ఎక్కడో, చాలాసార్లు మోచెయ్యి దగ్గరే, నొక్కుకుంటూ ఉంటుంది. ఏదో తేల్చాల్సింది డాక్టరుగారే. అది తేలకముందు స్టిక్ కొంటే ఒకరికి హాయిగా ఉన్నదే ఇంకొకరి ప్రాణానికొస్తుంది.

టార్చిలైటుతో రిహార్సల్

ఏదీ కొనకముందు ఒక టార్చిలైటుని నిలువుగా బల్ల మీద నిలబెట్టి, జాయ్‌స్టిక్ పట్టుకున్నట్టు పట్టుకుని, ఆటలో చేసే పనులన్నీ చేసి చూశాను. మోచెయ్యి కదలకుండా ఆనించి ఉంచాలి, అప్పుడే తెలుస్తుంది.

ముందుకి తోస్తే మణికట్టు చిటికెనవేలి వైపు వంగుతుంది. వెనక్కి లాగితే బొటనవేలి వైపు. కుడి ఎడమలకి వాలిస్తే మణికట్టు దాదాపు ఊరుకుంటుంది, ముంజేయి మొత్తం తన చుట్టూ తాను తిరుగుతుంది. స్టిక్‌ని ఉన్నచోటే మెలిపెడితే, అంటే ట్విస్ట్ చేస్తే, మణికట్టు లోపలికీ బయటికీ మడతపడుతుంది, పైగా జారకుండా గట్టిగా పిడికిలి బిగించాలి.

కార్పల్ టన్నెల్ ఉన్నవాళ్ళు ముందు వదిలించుకోవాల్సింది ట్విస్ట్. అదృష్టం ఏంటంటే ఎలైట్‌లో యా, అంటే ముక్కుని పక్కకి తిప్పడం, కావాలనే నీరసంగా పెట్టారు. మలుపు తిరగాలంటే ఓడని పక్కకి దొర్లించి స్టిక్ వెనక్కి లాగడమే పద్ధతి. కాబట్టి ట్విస్ట్ లేకపోయినా పెద్దగా నష్టం లేదు. నా సమస్య దానికి సరిగ్గా తలకిందులు. రోజంతా చేసేది వెనక్కి లాగడం, మధ్యమధ్య ముందుకి తొయ్యడం, నా నొప్పి సరిగ్గా ఆ దారిలోనే కూర్చుంది. పిచ్, అంటే ముక్కుని పైకీ కిందికీ తిప్పడం, లేకుండా ఓడ నడవదు. కాబట్టి ఆ కదలిక మణికట్టులోంచి కాకుండా మోచెయ్యి, భుజం నుంచి వచ్చేలా చూసుకోవాలి. దీన్ని బట్టే ఏ స్టిక్ అన్నదానికంటే దాన్ని ఎక్కడ పెడతాను అన్నదాని మీద ఎక్కువ సమయం పడుతుందని అర్థమైంది.

ఏవేం చూశాను

చవక వరసలో పేర్లు పెద్దగా లేవు. లాజిటెక్ ఎక్స్‌ట్రీమ్ 3డీ ప్రో ఎప్పటినుంచో ఉన్నది, 12 బటన్లు, ట్విస్ట్, అడుగున చిన్న థ్రాటిల్ పిడి, అంటే వేగం మార్చేది. పిడి ఆకారం కుడిచేతికే చెక్కారు, నా రెండో షరతు దగ్గరే పోయింది. కుడిచేతితోనే ఆడేవాళ్ళయితే ఒకసారి పట్టుకుని చూడాల్సిందే.

థ్రస్ట్‌మాస్టర్ టీ.ఫ్లైట్ హోటాస్ ఎక్స్ నన్ను చాలాసేపు ఊరించింది. స్టిక్ బిగువు తగ్గించుకునే చక్రం ఉంది, ట్విస్ట్‌ని తాళం వేసి ఆపెయ్యొచ్చు, థ్రాటిల్ ముందువైపు వేళ్ళతో అటూ ఇటూ నొక్కే మీట ఉంది కాబట్టి యా దానికి ఇచ్చెయ్యొచ్చు. మణికట్టు మడత నొప్పి ఉన్నవాళ్ళు ముందు దీన్నే చూడండి. ఇది కూడా కుడిచేతిదే.

అదే కంపెనీ టీ.16000ఎం రెండు చేతులకీ పనికొస్తుంది. అరచెయ్యి ఆనే ముక్క, బొటనవేలి దగ్గర ముక్క విప్పి రెండోవైపు బిగించుకోవచ్చు. ముఖ్యమైన రెండు యాక్సిస్‌లకీ, అంటే ముందువెనకలకీ కుడిఎడమలకీ, హాల్ సెన్సర్లు. అంటే అయస్కాంతం కదిలితే వోల్టేజీ మారుతుంది, ఒకదానికొకటి రాసుకునేది ఏదీ లేదు. ట్విస్ట్‌కి మాత్రం మామూలు పొటెన్షియోమీటరే, లోపల ఒకదానికొకటి రాసుకుంటూ తిరిగే రకం, అది అరిగేదే.

వీకేబీ గ్లాడియేటర్ ఎన్‌ఎక్స్‌టీ ఈవో ఇంకో మెట్టు పైన. స్ప్రింగులు మార్చుకోవచ్చు, ఎడమచేతి మోడల్ విడిగా దొరుకుతుంది. నొప్పి చేతుల కోణంలో చూస్తే నిజంగా సరైన వస్తువు అదే. చవక అనలేం కనుక పక్కన పెట్టాను, అయినా అప్పుడప్పుడూ దాని ఫొటోలు చూస్తుంటాను, అది వేరే సంగతి.

ఈ సందట్లో చదివిన ఒక ముచ్చట: ఎఫ్-16 యుద్ధవిమానంలో మొదట పెట్టిన స్టిక్ అసలు కదిలేదే కాదట, పైలట్ చేతి ఒత్తిడిని మాత్రమే కొలిచేది. తర్వాత పైలట్ల కోసం కొద్దిపాటి కదలిక ఇచ్చారు. కదలకపోతే కీళ్ళకి సుఖం కదా అనుకోవచ్చు, కానీ కదలని స్టిక్‌ని మనిషి ఇంకా గట్టిగా తోస్తాడు. మన పేషెంట్ల బ్యాచ్‌కి అది పడదు.

ఆదివారం, త్రాసు పని

ఏ స్టిక్ వివరాల్లోనూ రాయని సంగతి ఒకటుంది: ఎంత బలం పెడితే కదులుతుంది? 16,000 మెట్ల ఖచ్చితత్వం అంటారు, బటన్ల లెక్క చెప్తారు, గ్రాముల ఊసే ఉండదు. నాకు కావాల్సింది ఆ ఒక్కటే.

తెలిసినవాళ్ళ దగ్గర పాత స్టిక్కులు కొన్ని అడిగి తెచ్చాను. సూట్‌కేసు బరువు చూసే చేతి త్రాసు ఇంట్లో ఉంది. స్టిక్ మీద చూపుడువేలు ఆనే చోట దారం ముడేసి, త్రాసు కొక్కేనికి తగిలించి, బల్లకి సమాంతరంగా మెల్లగా లాగాలి. మొదట కదిలినప్పటి అంకె ఒకటి, చివరిదాకా వంగినప్పటి అంకె ఒకటి రాసుకోవాలి. దారం అన్నిటికీ ఒకే ఎత్తులో ఉండాలి, పైకి జరిపితే తేలిగ్గా, కిందికి జరిపితే బరువుగా చూపిస్తుంది. త్రాసు అంకె స్థిరపడే దాకా ఎవరైనా స్టిక్ అడుగుభాగం పట్టుకోవాలి, ఆ డ్యూటీ మా తమ్ముడిది.

"అక్కా, నువ్వు ఓడ నడుపుతావా, స్టిక్కుల్ని తూకానికి అమ్ముతావా?"

"మాట్లాడకుండా గట్టిగా పట్టుకోరా, జరుగుతోంది."

అంకెలు చూశాక వాడే నోరు మూశాడు. ఒకటి 250 గ్రాముల దగ్గర కదిలి 450కి చివరికి చేరింది. ఇంకోటి కదలడానికే 600 తీసుకుంది, చివరికి కిలో దాటింది. రెండూ ఇంచుమించు ఒకే ఖరీదు వస్తువులు, పట్టుకుని చూస్తే రెండోదే "గట్టిగా, ఖరీదైనదిగా" అనిపిస్తుంది. బరువైన ఓడ ఒక చుట్టు తిరిగేదాకా స్టిక్‌ని చివరికంటా లాగి పట్టుకోవాలి, అంటే ఆ కిలో బరువు వేళ్ళకి వేలాడుతూనే ఉంటుంది.

ట్రిగ్గర్లు కూడా తూచాను. కొన్ని అర కిలో దగ్గర గానీ పలకలేదు. పోలికకి, చెర్రీ ఎంఎక్స్ రెడ్ అనే కీబోర్డు స్విచ్ 45 గ్రాములకి పలుకుతుంది. ఈ తేడా చూశాకే ట్రిగ్గర్ సంగతి విడిగా చూడాలని రాసిపెట్టుకున్నాను.

కొన్నది

సెకండ్ హ్యాండ్ టీ.16000ఎం. ఎడమచేతికి మారడం ఒక కారణం, హాల్ సెన్సర్ రెండో కారణం. వాడేసిన స్టిక్ కొనేటప్పుడు పొటెన్షియోమీటర్ రకం అయితే మధ్యలో వణుకు వచ్చి ఉంటుంది, ఆ వణుకుని దాచడానికి డెడ్‌జోన్, అంటే స్టిక్ కదిలినా ఆట పట్టించుకోని మధ్యభాగం, పెంచుతాం, డెడ్‌జోన్ పెరిగితే స్టిక్‌ని ఇంకా దూరం తొయ్యాలి, చివరికి ఆ భారం చేతికే. హాల్ సెన్సర్‌తో డెడ్‌జోన్ దాదాపు సున్నాకి తేవచ్చు.

పాతది కొనేవాళ్ళకి చిన్న మాట. విండోస్‌లో రన్ పెట్టెలో జాయ్ డాట్ సీపీఎల్ కొడితే గేమ్ కంట్రోలర్ల కిటికీ వస్తుంది, అందులో స్టిక్‌ని చాలా నెమ్మదిగా ఒక చివర నుంచి ఇంకో చివరికి నడిపించండి. గుర్తు ఎక్కడైనా గెంతితే సెన్సర్ అరిగినట్టు. వదిలేసినప్పుడు ఠక్కున మధ్యకి వస్తోందా, ట్విస్ట్ వణుకుతోందా, హాట్ స్విచ్, అంటే పిడి తల మీద బొటనవేలితో అన్నివైపులా తోసే బుడిపె, మూలలకి కూడా పలుకుతోందా చూడండి. రబ్బరు పూత ఉన్న పాత స్టిక్కుల మీద ఆ పూత కరిగి జిడ్డుగా అంటుకుంటుంటుంది, దానికి కంగారు పడక్కర్లేదు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే పోతుంది.

పిడికి టెన్నిస్ రాకెట్ గ్రిప్ టేపు రెండు పొరలు చుట్టాను. ఆక్యుపేషనల్ థెరపిస్టులు చెంచాలకీ పెన్నులకీ స్పాంజి గొట్టం తొడిగి లావు చేసేది ఎందుకో అందుకే: లావుగా ఉంటే వేళ్ళు పూర్తిగా ముడుచుకోనక్కర్లేదు, జారదన్న ధీమా ఉంటే అంత గట్టిగా పట్టుకోం. బటన్ల అంచులకి అడ్డం రాకుండా బ్లేడుతో కోసుకోవాలి, ఓపికున్నప్పుడు చెయ్యండి.

బల్ల దిగిన స్టిక్

అన్నిటికన్నా ఎక్కువ తేడా తెచ్చింది ఇదే, దీనికైన ఖర్చు కూడా చాలా తక్కువ.

స్టిక్‌ని బల్ల మీద పెడితే అది పిడి ఎత్తు కలుపుకుని దాదాపు ఛాతీ దాకా వస్తుంది. భుజం పైకి లేస్తుంది, మోచెయ్యి గాల్లో వేలాడుతుంది, మణికట్టు వంగి ఉంటుంది, ఇంకా ఆట మొదలే కాలేదు. పైగా చవక స్టిక్కుల అడుగుభాగం తేలిక, గట్టిగా లాగితే లేచి వస్తుంది. అది లేవకుండా మనకి తెలియకుండానే చేత్తో కిందికి అదుముతుంటాం, ఆ అదుముడు కూడా వేళ్ళదే.

కుర్చీ చేతుల కింద అడ్డంగా ఒక ప్లైవుడ్ పలక బిగించాను. మందం 12 మిల్లీమీటర్లు, రెండు జీ-క్లాంపులు, ఒకవైపు పలక కొంచెం బయటికి పొడుచుకొచ్చేలా. స్టిక్ ఆ పొడుచుకొచ్చిన భాగం మీద వెల్క్రోతో కూర్చుంటుంది. ఎత్తు ఎలా చూసుకున్నానంటే, భుజాలు వదిలేసి, మోచెయ్యి శరీరానికి దగ్గరగా లంబకోణం కంటే కాస్త విప్పారినట్టు పెట్టి, కళ్ళు మూసుకుని పిడికిలి పడితే అది ఎక్కడ ఆగిందో పిడి మధ్యభాగం అక్కడికి రావాలి. పలక కింద చెక్కముక్కలు పెడుతూ తీస్తూ అక్కడికి తెచ్చాను. క్లాంపు మరలు వేళ్ళతో బిగించడం నా వల్ల కాలేదు, ఆ పని తమ్ముడికే.

తర్వాత ముంజేయి. కుర్చీ చేతి మీద ముంజేయి అతుక్కుపోతే కదలిక అంతా మణికట్టులోకి పోతుంది. పాత పొడుగు సాక్స్ పాదం దగ్గర కత్తిరించి ముంజేతికి తొడుక్కున్నాను, కుర్చీ చేతి మీద నున్నటి ప్లాస్టిక్ షీట్ అతికించాను. ఇప్పుడు స్టిక్ వెనక్కి లాగితే ముంజేయి మొత్తం రెండు మూడు సెంటీమీటర్లు వెనక్కి జారుతుంది, మణికట్టు నిటారుగానే ఉంటుంది. టార్చిలైటుతో చూసిన ఆ చెడ్డ వంపు దాదాపు మాయం. చూడ్డానికి క్రికెట్‌లో దెబ్బ తగిలించుకుని వచ్చినట్టుంటాను, ఉంటే ఉంటాను.

తక్కువ వంచి ఎక్కువ తిప్పడం

స్ప్రింగు ముట్టుకోకుండానే భారం తగ్గించే ఉపాయం ఒకటుంది. స్టిక్‌ని 60 శాతం వంచితేనే ఆటకి "పూర్తిగా వంచేశారు" అని చెప్పడం.

జాయ్‌స్టిక్ గ్రెమ్లిన్ అని ఉచిత ప్రోగ్రాం, దానితో పాటు వీజాయ్ అనే ఉత్తుత్తి జాయ్‌స్టిక్ డ్రైవర్ వేసుకోవాలి. అసలు స్టిక్ కదలికని గ్రెమ్లిన్ తీసుకుని, మనం గీసిన వంపు ప్రకారం మార్చి, ఆ ఉత్తుత్తి స్టిక్‌కి ఇస్తుంది, ఆట దాన్ని చూస్తుంది. అసలు స్టిక్ ఆటకి కనబడితే ప్రతి కదలికా రెండుసార్లు పడుతుంది కాబట్టి హిడ్‌హైడ్ అనే ఇంకో ప్రోగ్రాంతో దాన్ని దాచెయ్యాలి.

లెక్క సులువే. ఒక స్టిక్ 300 గ్రాములకి కదిలి 700కి చివరికి చేరుతుందనుకోండి. మధ్యలో ఉన్నది 400. అందులో 60 శాతం 240, మొత్తం 540. అంటే చివరిదాకా పట్టుకోవాల్సిన చోట నూట అరవై గ్రాములు తగ్గింది. చెయ్యి జరగాల్సిన దూరం కూడా అరవై శాతానికి దిగింది, కీళ్ళకి ఆ రెండోదే పెద్ద వరం. దీనికి మూల్యం: గురి కష్టమవుతుంది, కొంచెం కదిపితే ఓడ ఎక్కువ తిరుగుతుంది. అందుకని మధ్యలో వంపుని చప్పగా, అంచుల్లో నిటారుగా గీశాను. మొదట 50 శాతానికి పెట్టి చూస్తే స్టేషన్ నోట్లోకి దూరేటప్పుడు ఓడ తూలింది, 60–65 మధ్య ఆగాను.

గ్రెమ్లిన్ ఇబ్బంది అనిపిస్తే పాత పద్ధతి ఒకటుంది. విండోస్ కాలిబ్రేషన్‌లో "చివరిదాకా తిప్పండి" అన్నప్పుడు చివరిదాకా తిప్పకుండా సగం పైన ఆపెయ్యడం. అదే చివర అని విండోస్ నమ్మేస్తుంది. కొన్ని ఆటలు విండోస్ కాలిబ్రేషన్‌ని పట్టించుకోవు, వాటి దగ్గర ఇది చెల్లదు.

ట్రిగ్గర్‌కి సెలవు

గ్రహశకలాల దగ్గర లేజర్ తవ్వకం అంటే చూపుడువేలు ముడిచి అలా ఉంచెయ్యడమే. అది నాకు కుదరదు. గ్రెమ్లిన్‌లో ఒక్కసారి నొక్కితే ఆన్, ఇంకోసారి నొక్కితే ఆఫ్ అయ్యేలా పెట్టుకోవచ్చు, తవ్వకానికి అది చాలు. యుద్ధంలో మాత్రం ఆన్‌లో ఉండిపోతే గన్ వేడెక్కిపోతుంది, పక్కనున్న మిత్రుడికి తగిలిందంటే మన తల మీద బహుమతి ప్రకటిస్తారు. టెన్షన్.

అందుకని కాలి స్విచ్. ప్రో మైక్రో అనే చిన్న బోర్డు, దాని మీద ఏటీమెగా 32యూ4 చిప్ ఉంటుంది, ఆ చిప్‌కి యూఎస్‌బీ లోపలే ఉంది కాబట్టి కంప్యూటర్‌కి అది తిన్నగా జాయ్‌స్టిక్‌లాగో కీబోర్డులాగో కనబడుతుంది. స్విచ్ ఒక కాలు బోర్డు పిన్నుకి, రెండో కాలు గ్రౌండ్‌కి. చిప్ లోపలే ఉన్న పుల్-అప్ రెసిస్టర్ ఆన్ చేస్తే విడిగా ఇంకోటి కూడా అక్కర్లేదు. లోపలి రేకు అదురు వల్ల ఒక్క నొక్కుడు పలుమార్లు పడుతుంది, కొన్ని మిల్లీసెకన్లు ఆగి మళ్ళీ చూడమని కోడ్‌లో ఒక వరస రాస్తే సరి. టంకం పెట్టేటప్పుడు కడ్డీ పట్టుకోవడమే నాకు కష్టం, దాని పిడికీ అదే రాకెట్ టేపు చుట్టాను.

కాలికి చేతికి లెక్కలు వేరు. చేతికి ఎంత మెత్తగా ఉంటే అంత సుఖం, కాలికి మెత్తగా ఉంటే పాదం బరువుకే గన్ పేలిపోతుంది. కాబట్టి కాలి కిందిది మడతబందు బిగించిన ప్లైవుడ్ ముక్క, దాని అడుగున దళసరి స్పాంజి, స్పాంజి పక్కన మీట ఉన్న మైక్రోస్విచ్. మడమ నేల మీదే ఉంచి ముందుపాదం వత్తితేనే పలుకుతుంది. రెండో ఆయుధానికి ఎడమ అరచేతి కింద ఒక ఎంఎక్స్ రెడ్ స్విచ్, దాని మీద పెద్ద మూత. వేలు ముడవక్కర్లేదు, అరచెయ్యి బరువు కాస్త వాలిస్తే చాలు.

హాట్ స్విచ్ పని కూడా తీసేశాను, అది పూర్తిగా బొటనవేలి పని. చుట్టూ చూడ్డానికి ఓపెన్‌ట్రాక్ పెట్టాను, మామూలు వెబ్‌క్యామ్‌తోనే తల ఎటు తిరిగిందో పట్టేస్తుంది.

స్ప్రింగు ప్రయోగం, పాత స్టిక్ మీద

అరువు తెచ్చినవాటిలో ఆ కిలో దాటిన స్టిక్ యజమాని "నాకొద్దు, ఉంచేసుకో" అన్నాడు, దాన్ని విప్పాను. లోపల ఒకటే లావుపాటి స్ప్రింగు.

చాలామంది చేసేది స్ప్రింగుని రెండు చుట్లు కోసెయ్యడం. దానివల్ల ఏమవుతుందంటే, చుట్లు తగ్గిన స్ప్రింగు నిజానికి ఇంకా గట్టిపడుతుంది. తగ్గేది ముందుగా నొక్కి ఉంచిన బిగువు మాత్రమే. అంటే మధ్యలో వదులుగా, ఊగిసలాడుతూ, చివరికి పోయేకొద్దీ ఇంకా మొండిగా తయారవుతుంది, మనకి కావాల్సిందానికి పూర్తిగా వ్యతిరేకం. మార్చాల్సింది తీగ మందం. స్ప్రింగు బలం తీగ మందానికి నాలుగో ఘాతంలో మారుతుంది కాబట్టి మందం పదోవంతు తగ్గితే బలం మూడోవంతు తగ్గుతుంది. అదే పొడుగు, అదే వెడల్పు, కాస్త సన్నటి తీగ స్ప్రింగు వెతికి వేశాను. త్రాసు కట్టి చూస్తే కిలో దాటినది 700 దగ్గర ఆగింది. పిడి ఆకారం ఇంకా నా చేతికి పడదు, కానీ ఈ స్టిక్ ఇప్పుడు పనికొచ్చే వస్తువే. ప్లాస్టిక్ ప్లాస్టిక్ రాసుకునే చోట ప్లాస్టిక్‌కి పడే గ్రీజు కొద్దిగా రాయండి, పెట్రోలియం గ్రీజులు కొన్ని ప్లాస్టిక్‌లని తినేస్తాయి.

ఎడమచెయ్యి వారం

కుడిచెయ్యి బాగా వాచిన రోజుల్లో ముక్కలు మార్చి ఎడమవైపు బిగించాను. మొదట్లో ఓడ తాగి నడిపినట్టు పోయింది, కొన్నాళ్ళకి అలవాటైంది, ఇంకా కుడిచేతి అంత నేర్పు రాలేదు. సరుకు రవాణా ఎడమచేత్తో, గొడవలు కుడిచేత్తో అని పంచేసుకున్నాను.

రెండు చేతులకీ రెండు స్టిక్కులు పెట్టుకోమని చాలామంది అంటారు. అందులో న్యాయం ఉంది. అంతరిక్షంలో ఓడకి మూడు తిరుగుళ్ళు, మూడు జరుగుళ్ళు, మొత్తం ఆరు. అపోలో కమాండ్ మాడ్యూల్‌లోనూ కుడిచేతికి ఓడని తిప్పే పిడి, ఎడమచేతికి ఓడని జరిపే పిడి ఉండేవి. కానీ నొప్పి ఉన్న మనిషికి రెండో స్టిక్ అంటే రెండో స్ప్రింగు, రెండు చేతులూ ఒకేసారి పనిలో. ఒక చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండాలన్నది నా పద్ధతి. వేగానికి కీబోర్డు మీద మూడే కీలు: సున్నా, 50 శాతం, 100 శాతం. ఎలైట్‌లో సగం వేగం దగ్గరే ఓడ బాగా తిరుగుతుంది కాబట్టి ఎక్కువగా ఆ మధ్య కీయే వాడతాను.

ఓడని తనే స్టేషన్‌లో దించే డాకింగ్ కంప్యూటర్, గమ్యం దాకా ఓడని తనే తీసుకుపోయే సూపర్‌క్రూజ్ అసిస్ట్ (2019 ఏప్రిల్ అప్‌డేట్‌లో వచ్చింది), రెండూ ఓడలో పెట్టేశాను. వాటిని వాడితే ఆట రానట్టే అనేవాళ్ళున్నారు. వాళ్ళ కణుపులు బాగున్నాయి.

ప్రస్తుతానికి

తవ్వకాలు, రవాణా ఏ ఇబ్బందీ లేకుండా సాగుతున్నాయి. నొప్పి పోయిందని కాదు, ఆట వల్ల కొత్తగా వచ్చే నొప్పి బాగా తగ్గింది, మర్నాడు పొద్దున కణుపులు ఎప్పటిలాగే పట్టేస్తాయి గానీ అంతకుమించి లేదు. యుద్ధం అయితే ఇప్పటికీ పిడికిలి దానంతటదే బిగుసుకుంటుంది, దానికి ఏ స్ప్రింగూ మందు కాదు, తెర మూలన "వేళ్ళు వదులు" అని ఒక చీటీ అతికించాను, సగం సార్లు చూస్తాను.

కాలి స్విచ్ తీగ కుర్చీ చక్రాల కింద పడుతోంది, దాన్ని నేలకి అతికించాలి. యా ఇంకా ట్విస్ట్ మీదే ఉంది, దాదాపు వాడను, అయినా దాన్ని కాళ్ళకి దింపాలని ఉంది. రెండు పాదాల కింద మధ్యలో ఇరుసున్న ఒకే పలక, ఒకటి ముందుకి తోస్తే రెండోది వెనక్కి వచ్చేలా, ఇరుసు చివర చిన్న అయస్కాంతం, దానికెదురుగా హాల్ సెన్సర్, తీగ అదే ప్రో మైక్రోకి. సెన్సర్ తెప్పించాను, మిగిలిన ప్లైవుడ్ సరిపోతుంది, తమ్ముడికి సెలవు దొరకాలి.